నీ నల్ల పెట్టె గురించి అత్తయ్య అభిప్రాయాలు

హోసూరు,
30 జూలై 2025, బుధవారం.

చిరంజీవి సౌభాగ్యవతి దివ్యశ్రీని నిండుగా దీవించి మీ అత్తయ్య వరమ్మ రాస్తున్నది.

ఇక్కడ మీ మామయ్య, జితేంద్ర, నేను బాగున్నాం. నువ్వు టీవీలో పెంచుతున్న తోట కూడా బాగుంది. అందులో తెల్లావు ఈనింది, దూడ చక్కగా తిరుగుతోంది. అక్కడ మీ అమ్మ, నాన్న, నువ్వు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ నాన్నకు మోకాలి నొప్పి తగ్గిందా? తగ్గకపోతే నేను చెప్పిన నూనె రాసుకోమను. చెప్పినా ఆయన రాసుకోరని తెలుసు, అయినా అడగడం వియ్యపురాలిగా నా ధర్మం.

ఫోన్ చేతిలో పెట్టుకుని ఈవిడకు ఉత్తరమేమిటని నవ్వుతావేమో. ఫోన్‌లో నువ్వు నాతో "సరే అత్తయ్యా" తప్ప ఇంకో మాట అనడం మానేశావు. భోజనం చేశావా అంటే సరే అత్తయ్యా. మొన్న మీ ఊళ్ళో వాన పడిందా అని అడిగితే దానికీ సరే అత్తయ్యా అన్నావు. పోనీ ఎదురుగా కూర్చుని మాట్లాడదామంటే ఆడి నెల అడ్డం. కొత్త కోడలూ అత్తా ఒకే గడప దాటకూడదన్న పట్టింపు మా లెక్కలో ఆషాఢంతో తీరిపోయింది. మీవాళ్ళేమో తమిళ పంచాంగం చూసి ఆడి పోయేదాకా పిల్లను పంపమంటారు. పెళ్ళయిన ఏడు ఒక నెల పుట్టిల్లు అందరికీ ఉండేదే. హోసూరు వాళ్ళు కావేరిపట్టణం పిల్లను చేసుకుంటే అది రెండు నెలలవుతుందని మాత్రం సంబంధం కుదుర్చుకున్నప్పుడు ఎవరికీ తట్టలేదు. జాతకాలు చూసుకున్నాం గానీ క్యాలెండర్లు చూసుకోలేదు.

అందుకని ఉత్తరం. దీనికి మధ్యలో సరే అనడానికి లేదు. చివరిదాకా చదివి తీరాలి.

సోమవారం పొద్దున మీ మామయ్య పాత్రల అంగడి తెరవడానికి వెళ్ళిన కాసేపటికి గేటు దగ్గర ఎవరో బండి ఆపి, హెల్మెట్ తీయకుండానే నిలబడ్డాడు. ఎవరప్పా అంటే పేరు శరవణన్ అన్నాడు. సిప్‌కాట్‌లో ఏదో ఫ్యాక్టరీలో పనట. "గేమ్ బాక్స్ అమ్ముతామని పెట్టినారు కదక్కా, చూసేకి వచ్చినాను" అన్నాడు. నాకేం తెలుసు? "బాక్సులు కావాలంటే బజారు వీధిలో మా అంగడికి పో నాయనా, ఆడ దండిగా ఉండాయి" అన్నాను. అతను నవ్వి ఫోన్ తీసి చూపించాడు. అందులో మన హాలు. మన టీవీ కింద నీ నల్ల పెట్టె, దాని పక్కన ఆ పెట్టెతో ఆడుకునే రెండు రిమోట్లు. ఫోటోలో ఒక మూలకు ఆరేసిన నా నీలం చీర కూడా పడింది.

అది అమ్మేది కాదని, ఎవరో తెలియక పెట్టారని చెప్పి అతణ్ణి పంపేశాను. పాపం అంత దూరం వచ్చాడు కదా అని కాఫీ ఇచ్చే పంపాను. పోతూ పోతూ, మనసు మారితే చెప్పండక్కా అని నంబరు ఇచ్చిపోయాడు. ఆ కాగితం పొయ్యి గట్టు మీదే చించేశాను.

సాయంత్రం జితేంద్ర రాగానే నిలదీశాను. వాడు బూట్లు విప్పుకుంటూ, "ఆమెనే అమ్మేయమనింది మా. ఇంక ఆడదంట. ఆ ఆఫీసు పనికీ రానని రాసేస్తానంటా ఉంది. శుక్రవారం లోపల జవాబు ఇయ్యాలంట" అన్నాడు. నువ్వేమన్నావురా అంటే, "నేనేమనేది? ఆమె ఇష్టం అన్నాను" అన్నాడు. ఆ ఒక్క మాటతో తాను లోకంలోకెల్లా మంచి మొగుణ్ణయిపోయానని వాడి నమ్మకం. ఎందుకు వద్దంటున్నావని నిన్ను అడిగాడా అంటే అడగలేదట. మీ మామయ్య పెంపకం అలాంటిది. మంచివాళ్ళే, కానీ రెండో ప్రశ్న వేయరు.

నేను ఆ రోజు సరిగా తినలేదు దివ్యా. ఆ ఉద్యోగం సంగతి పెళ్ళిపందిట్లో నువ్వు నాకు చెప్పినప్పుడు నీ మొహం ఎలా వెలిగిందో నాకింకా కళ్ళకు కట్టినట్టు ఉంది. ఆటలు బజారుకు రాకముందే ఆడి చూసి, ఎక్కడ తప్పుందో చెప్పే పని అత్తయ్యా, మన హోసూరులోనే, తెలుగూ తమిళమూ కన్నడమూ వచ్చినవాళ్ళు కావాలన్నారు, నన్ను తీసుకున్నారు అని గబగబా చెప్పావు. తలంబ్రాల బియ్యం ఇంకా నీ జడలోనే ఉన్నాయి. అంత ముచ్చటపడినదానివి ఇప్పుడు ఎందుకు వద్దంటున్నావు? కొత్త కోడలు టీవీ ముందు కూర్చుని బటన్లు నొక్కే ఉద్యోగమేందని మీ చుట్టాలెవరైనా అని ఉంటారని నా అనుమానం. అన్నవాళ్ళు ఎప్పుడైనా ఆడి చూశారా? నేను చూశాను. నా మాట వాళ్ళ మాట కంటే బరువుగా తూగాలి.

అవును, ఆడాను. నువ్వు వెళ్ళిన మర్నాడు టీవీ కింద దుమ్ము తుడుస్తుంటే రిమోట్ మీద చేయి పడింది. టీవీ వెలిగింది. నీ తోట కనబడింది, అందులో నీళ్ళు లేని టమాటా మొక్కలు. నీళ్ళు లేని మొక్కను చూసి నేను ఊరుకోగలనా? అలా మొదలయ్యింది. మీ మామయ్య మధ్యాహ్నం భోజనం చేసి అంగడికి వెళ్ళింది మొదలు సాయంత్రం దీపం పెట్టే వేళ వరకు నేనూ, నీ పెట్టే. ఇప్పుడు నా అభిప్రాయాలు చెబుతాను, విను.

ముందు నీ తోట ఆట. దాన్ని చేసినవాళ్ళకు వ్యవసాయం కొంచెం తెలుసు, వ్యాపారం బొత్తిగా తెలియదు. పండించినదంతా ఇంటి ముందున్న పెట్టెలో వేసి పడుకోవాలట, తెల్లారేసరికి డబ్బు వచ్చి ఉంటుందట. తూకం వేసిందెవరు? ధర కట్టిందెవరు? ఎవరి మొహం చూసి బేరమాడాలి? నాకు ఒళ్ళు మండి, ధర పెరిగేదాకా అమ్మేది లేదని గుమ్మడికాయలన్నీ ఇంట్లోనే పెట్టుకుని కూర్చున్నాను. ధర పెరగలేదు. నడవడానికి కూడా చోటు లేకుండా ఇల్లంతా గుమ్మడికాయలే. జితేంద్ర చూసి పడీపడీ నవ్వాడు.

ఆ ఊళ్ళో ఏటి పక్కన ఒంటరిగా ఉండే ముసలాయనను నువ్వు బొత్తిగా పట్టించుకున్నట్టు లేదు. నన్ను చూడగానే మొహం తిప్పుకున్నాడు. రోజూ ఏదో ఒకటి తీసుకెళ్ళి ఇచ్చాను. ఉల్లిపాయలు ఇస్తే విసుక్కున్నాడు, పూలు ఇస్తే ఇవెందుకన్నాడు. ఆయనకు చేపలంటే ఇష్టమని జితేంద్ర చెప్పాడు. మన ఇంటా వంటా లేని వస్తువును టీవీలో అయినా ఎలా పట్టేది? రెండు రోజులు మనసొప్పలేదు. ఆఖరికి కళ్ళు మూసుకుని బటన్ నొక్కి ఒక చేపను పట్టి ఆయన చేతిలో పెట్టాను. ఆ రోజు ఆయన నవ్వాడు దివ్యా, నీతోడు. నేను వెంటనే వెళ్ళి చేతులు కడుక్కుని, దేవుడికి ఒక దండం పెట్టి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఈ ఆట నాకు నచ్చింది. అలిగినవాళ్ళ దగ్గరకు రోజూ వెళ్ళే ఓపిక ఉన్నవాళ్ళే దీన్ని చేసి ఉంటారు.

లారీ ఆట సంగతి. ఆ ఆటలోని దేశంలో బండ్లు కుడివైపు పోతాయని నాకు ఎవరూ చెప్పలేదు. ఎదురుగా వచ్చేవాళ్ళందరికీ బుద్ధి లేదనుకుంటూ చాలా దూరం పోయాను. రోడ్డు అద్దంలా ఉంది గానీ ఒక టీ కొట్టు లేదు, హారన్ కొట్టేవాడు లేడు, అడ్డం వచ్చే మేక లేదు. మన సూళగిరి దాటాక మలుపుల్లో బస్సు తిరిగేటప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు. ఆ నిశ్శబ్దానికి భయం వేసింది. తర్వాత అలవాటైపోయింది. వాన పడుతుంటే, వైపర్లు అటూ ఇటూ ఆడుతుంటే, వెనకాల ఎవరిదో సరుకు, ముందు ఎప్పుడూ చూడని ఊరు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా అంతట నేను ఊరు దాటి వెళ్ళింది లేదమ్మా. పక్కన మీ మామయ్యో జితేంద్రో ఉండాల్సిందే. లారీ నడిపిన మొదటి రోజు ఆ కొత్త ఊరు చేరి బండి ఆపాక కాసేపు రిమోట్ ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. కళ్ళలో నీళ్ళు ఎందుకు వచ్చాయో ఇప్పటికీ చెప్పలేను.

కత్తియుద్ధం ఆట నాకు నచ్చలేదు. నా చేతకానితనం వల్ల కాదు, అది వేరే సంగతి. శుక్రవారం పూట, ఇల్లు కడిగి ముగ్గు వేసిన ఇంట్లో, టీవీ నిండా ఎర్రటి అక్షరాలతో ఇంగ్లీషులో ఏదో పడింది. జితేంద్రను అడిగితే, "నువ్వు చచ్చిపోయినావని రాసినారు మా" అన్నాడు. అంత మాట అంత పెద్ద అక్షరాలతో రాయాలా? ఓడిపోయావు, మళ్ళీ రా అంటే సరిపోదూ? ఆ పూట కర్పూరం వెలిగించి టీవీకే హారతి ఇచ్చాను. మీ మామయ్య, "టీవీకి దిష్టి తీస్తా ఉండావేంది?" అన్నారు. అదే ఆటను మన భాషలోకి తెచ్చేటప్పుడు ఆ ఒక్క ముక్క మార్చమని నువ్వయితే చెప్పగలవు. ఇంకెవరికి తడుతుంది?

ఇక అంగడి ఆట. దీని మీద నాకు నిజంగా కోపం ఉంది. చిన్నప్పటి నుంచి గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని, ఇది నా ఆట అనుకుని కూర్చున్నాను. అంగడి తెరిచాను. మొదటి బేరానికి పొడుగు టోపీ పెట్టుకున్న మంత్రగాడు ఒకడు వచ్చి, మంచి కత్తిని తీసుకుని మూడు వంతులు తగ్గించి అడిగాడు. పొద్దున్నే తలుపు తీయగానే వచ్చిన మొదటి బేరాన్ని కాదని పంపిస్తామా? బోణీ కదా! ఇచ్చేశాను. మర్నాడు కూడా వాడే వచ్చాడు. మళ్ళీ ఇచ్చేశాను. వాడు నా సంగతి కనిపెట్టేశాడని నాకు అర్థమవుతూనే ఉంది, అయినా బోణీ బేరం పోగొట్టుకోవడానికి చేయి రాలేదు. ఒకరోజు మీ మామయ్య అంగడి నుంచి తొందరగా వచ్చి నా వెనక నిలబడి చూశారు. ధర చూసి అబ్బా అన్నారు. ఇచ్చేయనా వద్దా అని నేను అడిగితే కాసేపు గడ్డం గోక్కుని, "బోణీ కదే, ఇచ్చేయి. పోతే పోనీ" అన్నారు. అలా మేమిద్దరం కలిసి నీ అంగడిని నిండా ముంచేశాం. నీకు వ్యాపారం చేయడం రాదని ఆట నన్ను బయటికి పంపించేసింది. నన్ను!

ఎవరో చాలా తెలివైనవాళ్ళు చేసిన ఆట అది, కాదనను. కానీ వాళ్ళెవరూ పొద్దున్నే అంగడి తలుపు తీసి, మెట్ల మీద నీళ్ళు చల్లి, మొదటి మనిషి కోసం ఎదురుచూసినవాళ్ళు కాదు. అలాంటివాళ్ళ ఇంట్లో పుట్టి, అలాంటివాళ్ళ ఇంటికే కోడలుగా వచ్చి, ఆటలూ తెలిసిన పిల్ల ఆ ఆఫీసులో ఎంతమంది ఉంటారో నువ్వే చెప్పు. ఇలాంటి తప్పు నీ కంటికి కనబడుతుంది. వాళ్ళ కంటికి కనబడదు.

నాకు అన్నిటికంటే నచ్చిన ఆట ఇంకోటి ఉంది. దాన్ని నేను సరిగా ఆడనే లేదు. రెండు బొమ్మలు, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది, పెద్ద గంగాళం లాంటిదాన్ని చెరో పక్క పట్టుకుని వంతెనలూ గట్లూ దాటించాలి చూడు, అది. ఆ బొమ్మలు నడిచే తీరు, ఒకదాని కోసం ఒకటి ఆగి వెనక్కి చూసే తీరు నాకు ఎంత ముద్దొచ్చిందో! అది ఒక్కరు ఆడేది కాదట. రెండు రిమోట్లూ నేనే రెండు చేతుల్లో పట్టుకుని చూశాను. కుడిచెయ్యి ఒక దారి, ఎడమచెయ్యి ఇంకో దారి. జితేంద్రను పిలిస్తే ఫోన్ చూసుకుంటూ ఆడతాడు. మీ మామయ్యను కూర్చోబెడితే గంగాళాన్ని నీళ్ళలో పారేసి, "నువ్వే తోసినావు" అని నాతో పోట్లాడి అన్నం తినకుండా లేచిపోయారు. నీళ్ళ మీద ఉన్న మొదటి వంతెన కూడా మేము దాటలేదు. దాని అవతల ఏముందో నాకు తెలియదు.

ఇదమ్మా నా అభిప్రాయం. ఇందులో ఏ ఆటా పనికిమాలినది కాదు, ఆ మంత్రగాడి దగ్గర ఓడిపోయింది కూడా. నీకు నిజంగా విసుగొచ్చి మానేస్తానంటే నేను మాట్లాడను. ఎవరికో నచ్చదని మానేస్తే మాత్రం నాకు బాధ. ఇంటి పని గురించి దిగులు పడకు. నువ్వు రాకముందు కూడా ఈ ఇంట్లో పొద్దున్నే ఇడ్లీలు ఉడికాయి, నువ్వు ఆఫీసుకు వెళ్ళినా ఉడుకుతాయి. కొత్త కోడలు ఉద్యోగానికి పోతోందేమిటని అడిగే వీధివాళ్ళకు జవాబు చెప్పడానికి నేను లేనా? నాకు అదొక సరదా.

శుక్రవారం సాయంత్రం లోపల బాగా ఆలోచించుకో. నీ ఆవునూ దూడనూ చూసుకుంటూ, నీ మాట కోసం కాచుకుని ఉన్న మీ అత్తయ్య,

వరమ్మ

తా.క.

కావేరిపట్టణం,
31 జూలై, గురువారం.

ఈ ఉత్తరం మీద స్టాంపు లేదని ఈపాటికి చూసే ఉంటావు. పొద్దున పోస్టాఫీసుకు వెళితే ఇక్కడికి చేరేసరికి శనివారం అవుతుందన్నారు. నీ గడువేమో శుక్రవారం. ఇంటికి తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర మళ్ళీ ఆ శరవణన్! జితేంద్ర ఫోన్ చేసి రమ్మన్నాడట, నీ మాట తీసేయలేక. అతనికి ఇంకోసారి కాఫీ ఇచ్చి పంపేసి, నల్ల పెట్టెనూ రిమోట్లనూ నా పట్టుచీరల సంచిలో పెట్టుకుని బస్టాండుకు నడిచాను. మీ మామయ్యకు బస్సు కదిలాక ఫోన్ చేసి చెప్పాను. "యాడికి పోతా ఉండావు, ఒక్కదానివే?" అని అరిచారు. కృష్ణగిరిలో బస్సు మారాను. పెట్టెను దారి పొడవునా ఒళ్ళోనే పెట్టుకున్నాను.

ఇప్పుడు మీ నాన్న టీవీలూ మిక్సీలూ అమ్మే అంగట్లో కూర్చుని ఈ ముక్క రాస్తున్నాను. ఇంటికి రాను. మీవాళ్ళ ఆడి పట్టింపు నేను దాటను. అంగడి గడప ఇంటి గడప కిందకు రాదని, బేరానికి వచ్చేవాళ్ళను ఆపే శాస్త్రం ఏ పంచాంగంలోనూ లేదని మీ నాన్నే తేల్చి చెప్పి, ఫ్యాన్ వేసి కూర్చోబెట్టారు.

ఆయన చెప్పాక గానీ నాకు సంగతి తెలియలేదు. "చెల్లెమ్మా, ఆ పెట్టె ఈడనే పెట్టిపో అని మీరే అన్నారంట కదా. బిడ్డ వచ్చినప్పటినుంచి మనసు కష్టపెట్టుకొని ఉంది. అత్తకు నచ్చలేదు నాయనా, ఇంక ఆ పేరు ఎత్తొద్దండి అని ఏడ్చింది" అన్నారు. మీ చుట్టాలను ఎంతమందిని మనసులో తిట్టుకున్నానో, ఆ తిట్లన్నీ నాకే చెల్లాలి.

నిజం చెబుతాను. దుమ్ము తుడుస్తుంటే చేయి పడిందన్నది అబద్ధం. నువ్వు మన ఇంట్లో ఉన్నన్నాళ్ళు, మధ్యాహ్నం నేను నిద్రపోయాననుకుని సౌండు తగ్గించి హాల్లో ఆడుకునేదానివి కదా, నేను నిద్రపోలేదు. తలుపు సందులోంచి చూస్తూ పడుకునేదాన్ని. నువ్వు అంత పొడుగు లారీని వెనక్కి నడిపి ఇరుకు సందులో పెట్టిన రోజు మంచం మీద లేచి కూర్చున్నాను. మంచుకొండల దారి మధ్యలో ఆట ఆపేసి నువ్వు వంటింట్లోకి వచ్చిన రోజు, ఆ సరుకు చేరిందో లేదోనన్న ధ్యాసలో సాంబారులో రెండుసార్లు ఉప్పు వేశాను. నువ్వు మాట్లాడకుండా తిన్నావు. నాకూ నేర్పించమ్మా అని అడగాలని రోజూ అనుకునేదాన్ని. ఈ వయసులో అత్తగారు కోడలి పక్కన కూర్చుని ఆ మాట ఎలా అడగాలో తెలియలేదు. పుట్టింటికి బయలుదేరుతూ నువ్వు ఆ పెట్టె తీగలు చుడుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. అందరి ముందూ నా నోటికి వచ్చింది పెట్టె ఇక్కడే పెట్టిపో అన్న ఆ ఒక్క ముక్కే, అదీ అత్తగారి గొంతుతో వచ్చింది.

పెట్టెను మీ నాన్న అమ్మకానికి పెట్టిన పెద్ద టీవీకి తగిలించారు. రెండో రిమోట్ ఆయనకు ఇచ్చి గంగాళం ఆట మొదలుపెట్టాను. మీ మామయ్యే నయం. మిక్సీ కొనడానికి వచ్చినవాళ్ళు మిక్సీ సంగతి మరచిపోయి, ఎడమకు పోండి, ఎడమకు పోండి అని అరుస్తున్నారు. ఇప్పుడు మీ నాన్న భోజనానికి ఇంటికి వస్తున్నారు, ఈ కాగితాలు ఆయన చేతికే ఇస్తున్నాను.

ఆ ఆఫీసుకు ఏం రాస్తావో నీ ఇష్టం. మా అత్తయ్యకు నచ్చదని మాత్రం రాయకు, అది నిజం కాదు. నాకు అడగడం చేతకాలేదు, అంతే. ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పులు వేసుకుని అంగడికి రా తల్లీ, నాకు నేర్పించు.